భద్రతకు పెట్టిన ఖర్చు తిరిగొస్తుందని మీ సంస్థ లెక్కలతోనే చూపించడం ఎలా

“సేఫ్టీకి డబ్బు అడిగితే ‘దానివల్ల కంపెనీకి వచ్చేదేంటి?’ అంటున్నారు, ఏం చెప్పమంటారు?” సూపర్‌వైజర్లు, సేఫ్టీ ఆఫీసర్లు, చిన్న యూనిట్లు నడిపేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే మొత్తం పద్ధతి ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందే ఒక మాట. మనిషి చెయ్యి, చూపు, ప్రాణం లెక్కలతో తేల్చేవి కావు. పనికి వచ్చిన మనిషి వచ్చినట్టే ఇంటికి వెళ్లాలి. దానికి వేరే కారణం అక్కర్లేదు. కానీ బడ్జెట్ తేల్చే సమావేశానికి మిగతా విభాగాలన్నీ అంకెలతో వస్తాయి, భద్రత మాత్రం ఒట్టి విన్నపంతో వస్తుంది. అందుకే ప్రతిసారీ వెనకబడుతుంది. మీకు కావలసిన అంకెలు ఎక్కడినుంచో తేనక్కర్లేదు. మీ రిజిస్టర్లలోనే ఉన్నాయి, కాకపోతే చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని ఒకచోటికి చేర్చి, ఏ ప్రమాదం ఎంత నష్టం తెస్తోందో తేల్చి, దాన్ని ఆపడానికి పెట్టే ఖర్చు ఎన్నాళ్లలో తిరిగొస్తుందో చూపించాలి.

కావలసినవి

- గత 12 నెలల ప్రమాదాల రిజిస్టర్. లేకపోయినా ఆగిపోకండి, మిగతావాటితో మొదలుపెట్టవచ్చు.
- హాజరు పట్టీ, ఓవర్‌టైమ్ వివరాలు.
- మెయింటెనెన్స్ వాళ్ల బ్రేక్‌డౌన్ పుస్తకం.
- స్టోర్స్ నుంచి బయటికి వెళ్లిన సరుకు వివరాలు. ముఖ్యంగా ఫస్ట్ ఎయిడ్ సామాను, విరిగిన పనిముట్ల బదులు ఇచ్చినవి.
- స్క్రాప్ (చెడిపోయి పారేసిన సరుకు), రీవర్క్ (మళ్లీ చేయాల్సి వచ్చిన పని) లెక్కలు.
- బీమా కాగితాలు. ఎంత కడుతున్నారు, దేనికి వర్తిస్తుంది, ఏది వర్తించదు.
- ఇద్దరు మనుషులు. ఒకరు షాప్‌ఫ్లోర్ మీద రోజూ పనిచేసేవాళ్లు, ఇంకొకరు అకౌంట్స్ నుంచి.

చివరిది తప్పనిసరి. సేఫ్టీ విభాగం ఒక్కటే కూర్చుని వేసిన లెక్కను ఎవరూ నమ్మరు. అకౌంట్స్ మనిషి సంతకం పెట్టిన లెక్కను మాత్రం తోసిపుచ్చడం కష్టం. ఆ మనిషిని మొదటి రోజు నుంచే కలుపుకోండి, చివర్లో సరిచూడమని ఇవ్వడం కాదు.

మొదటి మెట్టు: ఒక్క విభాగంతో మొదలుపెట్టండి

మొత్తం సంస్థ లెక్క ఒకేసారి తీయబోతే నెలలు గడుస్తాయి, మధ్యలో ఆసక్తి చస్తుంది. ఒక లైను, ఒక గోడౌన్, ఒక వర్క్‌షాప్, ఏదో ఒకటి తీసుకోండి. ఎక్కువ గాయాలయ్యే చోటే తీసుకోవాలని లేదు. అక్కడి సూపర్‌వైజర్ నిజం చెప్పడానికి భయపడని మనిషైతే చాలు, సగం పని అయినట్టే.

రెండో మెట్టు: జరిగినవన్నీ ఒకే జాబితాలోకి తెండి

గాయమైనవి మాత్రమే కాదు. సామాను పగిలినవి, యంత్రం దెబ్బతిన్నవి, ఫోర్క్‌లిఫ్ట్ ర్యాక్‌ను గుద్దినవి, పైనుంచి ఏదో పడి త్రుటిలో తప్పినవి కూడా రాయండి. ఒక్కోదానికి ఒక్క వరస చాలు: తేదీ, చోటు, ఏం జరిగింది, ఎవరు ఎన్ని గంటలు పని ఆపారు.

రిజిస్టర్‌లో ఉన్నదే నిజమని నమ్మకండి. సరిచూడటానికి తేలికైన మార్గం ఫస్ట్ ఎయిడ్ పెట్టె. ఏడాదిలో స్టోర్స్ నుంచి ఎన్ని బ్యాండేజీలు, ఎంత ఆయింట్‌మెంట్ వెళ్లిందో చూడండి. అలాంటి చిన్న గాయాలు రిజిస్టర్‌లో ఎన్ని ఉన్నాయో పక్కన పెట్టండి. రెంటికీ పొంతన లేకపోతే మీ దగ్గర ప్రమాదాలు తక్కువని కాదు, రాసేవాళ్లు తక్కువని అర్థం. అలాగే బ్రేక్‌డౌన్ పుస్తకంలో “గార్డు వంగింది”, “సెన్సర్ విరిగింది” లాంటి వరసలు వెతకండి (గార్డు అంటే కదిలే భాగాలకు చెయ్యి తగలకుండా యంత్రానికి పెట్టే అడ్డు). వాటిలో కొన్ని మనిషికి తగలకుండా పోయిన ప్రమాదాలే.

చిన్నవాటికి ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఫ్రాంక్ బర్డ్ అనే భద్రతా నిపుణుడు 1969లో అమెరికాలో 297 కంపెనీల నుంచి వచ్చిన దాదాపు 17.5 లక్షల ప్రమాద నివేదికలు పరిశీలించారు. ఒక్కో తీవ్ర గాయానికి 10 చిన్న గాయాలు, ఆస్తి మాత్రమే దెబ్బతిన్న ఘటనలు 30 ఉన్నాయని తేల్చారు. గాయమూ నష్టమూ లేకుండా తప్పిపోయినవి 600 దాకా ఉంటాయని విడిగా జరిపిన ఇంటర్వ్యూలనుబట్టి లెక్కకట్టారు. ఈ నిష్పత్తి మీ దగ్గరా అచ్చం ఇలాగే ఉంటుందని అనుకోవద్దు. ఇందులో మనకు పనికొచ్చేది ఒక్కటే: గాయాల రిజిస్టర్ చూస్తే నష్టంలో చిన్న ముక్క మాత్రమే కనిపిస్తుంది.

మూడో మెట్టు: ఒక్క ఘటనకు పూర్తి ఖర్చు వేయండి

అసలు పని ఇక్కడ ఉంది. జాబితాలోంచి మధ్యరకం ఘటన ఒకటి తీసుకోండి, మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. దాన్ని గంటల్లోకి మార్చండి. డబ్బుకంటే గంటలు ముందు వేయడం మంచిది, ఎందుకంటే గంటల మీద వాదన తక్కువ.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్యాకింగ్ లైనులో ఆరుగురు పనిచేస్తున్నారు. కన్వేయర్‌లో డబ్బా ఇరుక్కుంది. ఒకరు చెయ్యి పెట్టి లాగబోతే వేళ్లు రోలర్‌లో పడ్డాయి. ఆ మనిషి 12 పని దినాలు రాలేకపోయారు. ఇప్పుడు లెక్క:

- లైను 3 గంటలు ఆగింది. మిగతా ఐదుగురికి కలిపి 15 గంటల పని పోయింది. ఆర్డరు పూర్తి చేయడానికి అదే 15 గంటలు ఓవర్‌టైమ్ చేయించారు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలీ అనుకుంటే 30 గంటల కూలీ.
- పక్క సెక్షన్ నుంచి 8 మంది అరగంట పాటు పని ఆపి వచ్చారు: 4 గంటలు.
- ఆఫీసు నుంచి ఇద్దరు ఆస్పత్రికి వెళ్లి ఐదేసి గంటలు ఉన్నారు: 10 గంటలు.
- సూపర్‌వైజర్ విచారణ, కాగితాలు, ఫోన్లు: 9 గంటలు.
- మెయింటెనెన్స్ వాళ్లు ఇద్దరు రెండేసి గంటలు యంత్రం చూసి మళ్లీ నడిపించారు: 4 గంటలు.
- బదులు వచ్చిన మనిషికి పని నేర్పడానికి నాలుగు రోజులు, రోజుకు 2 గంటలు: 8 గంటలు.
- ఆ కొత్త మనిషి 12 రోజుల్లో 96 గంటలు పనిచేసినా వేగం పావు వంతు తక్కువ: 24 గంటలు.

మొత్తం 89 గంటలు. ఒక మనిషి 11 రోజులు చేసే పని. ఇందులో ఆస్పత్రి బిల్లు లేదు, గాయపడిన మనిషికి ఇచ్చిన జీతం లేదు, చెడిపోయిన సరుకు లేదు. వాటిని విడిగా డబ్బుల్లో కలపండి. అకౌంట్స్‌లో “ప్రమాదం ఖర్చు” అని కనిపించేది సాధారణంగా ఆ విడిగా కలిపే భాగమే. ఈ 89 గంటలు జీతాల్లో, ఓవర్‌టైమ్‌లో కలిసిపోయి ఎక్కడా పేరు లేకుండా ఉంటాయి.

గంటలను డబ్బుల్లోకి మార్చేటప్పుడు చేతికొచ్చే జీతం మాత్రమే చూడకండి. ఆ మనిషి మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చును పనిగంటలతో భాగించండి. ఈ అంకె అకౌంట్స్ దగ్గర ఉంటుంది.

జాగ్రత్త, ఇక్కడ చాలామంది ఒకే నష్టాన్ని రెండుసార్లు వేస్తారు. పైన లైను ఆగిన 15 గంటల జీతాన్ని కూడా కలిపి, దాన్ని పూడ్చడానికి చేయించిన ఓవర్‌టైమ్‌నూ కలిపితే తప్పు. ఆ 15 గంటల జీతం ప్రమాదం జరగకపోయినా ఇచ్చేవాళ్లే. అదనంగా పడింది ఓవర్‌టైమ్ మాత్రమే. ఓవర్‌టైమ్ చేయించకుండా ఆ ఉత్పత్తిని వదులుకున్నారనుకోండి, అప్పుడు ఆ సరుకు మీద రావలసిన మార్జిన్ పోయింది కాబట్టి దాన్ని వేయండి. రెంటిలో ఒక్కటే. సరుకు సమయానికి అందించలేక జరిమానా కట్టి ఉంటే అది వేరే పద్దు, కలపవచ్చు. అకౌంట్స్ మనిషి మొదట పట్టుకునేది ఈ తప్పునే, ఒక్కసారి పట్టుకుంటే మిగతా అంకెలన్నిటి మీదా అనుమానం మొదలవుతుంది.

ఇంకో తప్పు, నిష్పత్తుల్ని అరువు తెచ్చుకోవడం. పారిశ్రామిక భద్రత మీద పుస్తకం రాసిన హెచ్. డబ్ల్యూ. హైన్‌రిచ్ 1931లో కనిపించే ఖర్చుకు నాలుగు రెట్లు కనిపించని ఖర్చు ఉంటుందని రాశారు. చాలా ప్రెజెంటేషన్లలో ఇప్పటికీ అదే అంకె తిరుగుతోంది. 1993లో బ్రిటన్ ఆరోగ్య, భద్రతా విభాగం ఐదు సంస్థల్లో చేసిన అధ్యయనాన్ని ప్రచురించినప్పుడు, బీమా వర్తించని నష్టం కట్టిన ప్రీమియంకు 8 నుంచి 36 రెట్ల దాకా తేలింది. చోటు మారితే అంకె ఇంతగా మారుతుంది. “హైన్‌రిచ్ ప్రకారం నాలుగు రెట్లు” అని చెప్పేకంటే “మన ప్యాకింగ్ లైనులో 89 గంటలు” అని చెప్పండి. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం.

ఇలా ఐదారు ఘటనలకు వేస్తే చాలు. చిన్న గాయానికి సగటు, మధ్యరకానికి సగటు, ఆస్తి నష్టానికి సగటు వస్తాయి. వాటితో మిగతా జాబితాకు గుణించుకోవచ్చు.

నాలుగో మెట్టు: నష్టాన్ని అమ్మకాల్లోకి మార్చండి

ఇది చిన్న లెక్కే కానీ యజమాని మనసుకు తొందరగా ఎక్కుతుంది. ఏడాది నష్టాన్ని మీ నికర లాభ శాతంతో భాగించండి. నష్టం 1,00,000, లాభం 5 శాతం అనుకుంటే, ఆ నష్టాన్ని పూడ్చడానికి 20,00,000 విలువైన సరుకు అదనంగా అమ్మాలి. అమ్మకాల విభాగం ఎంత కష్టపడితే అంత సరుకు పోతుందో యజమానికి మీరు చెప్పనక్కర్లేదు.

ఐదో మెట్టు: నష్టం ఎక్కడ పోగుపడుతోందో చూడండి

జాబితాను చోటును బట్టి, పనిని బట్టి, షిఫ్టును బట్టి విడదీయండి. సాధారణంగా కొద్ది చోట్లే ఎక్కువ నష్టం కనిపిస్తుంది. అందులోంచి ఒకటి రెండు మాత్రమే ముందు తీసుకోండి. పది పనులు ఒకేసారి మొదలుపెట్టి అన్నిటినీ సగంలో వదిలేయడంకంటే ఇది మేలు.

ఇక్కడ చాలా గట్టిగా చెప్పాల్సిన హెచ్చరిక ఒకటి ఉంది. రిజిస్టర్ చూసి మాత్రమే ప్రాధాన్యం నిర్ణయించకండి. మంటలు, పేలుడు, విషవాయువులు, ట్యాంకుల్లోకి మనుషులు దిగడం, ఎత్తు మీద పని, కరెంటు, ఇవి ఏళ్ల తరబడి రిజిస్టర్‌లో కనిపించకపోవచ్చు. జరిగిన రోజు మాత్రం మనుషుల్నీ సంస్థనీ కలిపి తీసుకుపోతాయి. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీలో బీపీ చమురుశుద్ధి కర్మాగారంలో పేలుడు జరిగి 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. ఆ తర్వాత పరిశీలించిన స్వతంత్ర కమిటీ, సిబ్బంది గాయాల రేటు తగ్గుతుండటాన్ని చూసి కర్మాగార ప్రక్రియ కూడా భద్రంగా ఉందని యాజమాన్యం పొరపాటు పడిందని తేల్చింది. జారిపడ్డవాళ్ల సంఖ్య తగ్గినంత మాత్రాన ట్యాంకు పొంగదని కాదు.

అందుకే ఇలాంటి ప్రాణాంతక ముప్పులకు వేరే జాబితా పెట్టండి. వాటికి “ఎన్నాళ్లలో తిరిగొస్తుంది” అనే లెక్క వేయకండి, ఎవరైనా వేయమన్నా ఒప్పుకోకండి. అవి ఎలాగూ చేయాల్సిందే. చట్టం అడిగేవి కూడా అంతే.

ఆరో మెట్టు: పరిష్కారం ఎంచుకునేటప్పుడు పై నుంచి కిందికి రండి

భద్రతా రంగంలో అందరూ ఒప్పుకున్న వరస ఒకటుంది. మొదట ముప్పునే తీసేయగలరా చూడాలి. కుదరకపోతే తక్కువ ముప్పు ఉన్నదాన్ని దాని బదులు పెట్టాలి. అదీ కాకపోతే గార్డు, ఇంటర్‌లాక్ (గార్డు తెరిస్తే యంత్రం ఆగిపోయే ఏర్పాటు), గాలి లాగే ఏర్పాటు లాంటి ఇంజనీరింగ్ మార్పు. ఆ తర్వాత పని పద్ధతి, శిక్షణ, బోర్డులు. గ్లవ్స్, హెల్మెట్, గాగుల్స్ అన్నిటికంటే చివర.

చాలా చోట్ల జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ప్రమాదం జరగ్గానే గ్లవ్స్ కొంటారు, ఒక క్లాసు పెడతారు, “జాగ్రత్త” అని బోర్డు తగిలిస్తారు. చవకగా ఉంటుంది, వెంటనే అయిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ అదే ప్రమాదం. పైగా తిరిగే యంత్రం దగ్గర గ్లవ్స్ వేసుకుంటే గ్లవ్‌తో పాటు చెయ్యీ లోపలికి పోతుంది.

మన కన్వేయర్ దగ్గరికే వద్దాం. “అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడు” అని విచారణ కాగితంలో రాసి ముగిస్తే మీకు దొరికేది ఏమీ ఉండదు. “ఎందుకు” అని అడుగుతూ వెళ్లండి. చెయ్యి ఎందుకు పెట్టారు? డబ్బా ఇరుక్కుంది కాబట్టి. డబ్బా ఎందుకు ఇరుక్కుంటోంది? మలుపు దగ్గర పక్క పట్టీ ఒరిగి ఉంది. లైను ఆపి తీయవచ్చు కదా? స్విచ్ దూరంగా ఉంది, ఆపితే మళ్లీ వేగం అందుకోవడానికి చాలా సేపు పడుతుంది, ఆ రోజు లెక్క తగ్గితే మాట పడాలి. డబ్బాలు రోజుకు ఎన్నిసార్లు ఇరుక్కుంటున్నాయి? అక్కడ పనిచేసేవాళ్లను అడిగితేనే తెలుస్తుంది, ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

నాకు ఈ పనిలో అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఈ ఘట్టమే. వేళ్లు రోలర్‌లో పడేలా చేసినదీ, రోజూ ఉత్పత్తిని కొంచెం కొంచెం తినేసేదీ ఒకటే లోపం. ఒరిగిన పట్టీని సరిచేస్తే చెయ్యి పెట్టే అవసరం పోతుంది, లైను ఆగడమూ తగ్గుతుంది. రోలర్‌కు గార్డు, లాగితే లైను ఆగిపోయే ఎమర్జెన్సీ తాడు చేతికి అందేలా పెడితే మిగిలిన ముప్పు కూడా అదుపులోకి వస్తుంది. భద్రత వల్ల వచ్చే వ్యాపార లాభంలో పెద్ద వాటా ఇలాంటి చోట్లే ఉంటుంది, తగ్గిన ఆస్పత్రి బిల్లుల్లో కాదు. అందుకే ప్రతి పరిష్కారం పక్కన రెండు ప్రశ్నలు రాయండి: దీనివల్ల ఏ గాయం తగ్గుతుంది? దీనివల్ల ఏ ఆలస్యం, ఏ స్క్రాప్ తగ్గుతుంది?

1987లో అల్యూమినియం తయారుచేసే అల్కోవా సంస్థ పగ్గాలు చేపట్టిన పాల్ ఓనీల్ సరిగ్గా ఈ దారినే నడిచారు. మదుపరులతో తొలి సమావేశంలోనే లాభాల మాట ఎత్తకుండా కార్మికుల భద్రత గురించి మాట్లాడారు. ఎక్కడ గాయమైనా 24 గంటల్లో తనకు తెలియాలని, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా చెప్పాలని నియమం పెట్టారు. అది జరగాలంటే కింది స్థాయి నుంచి పైదాకా సమాచారం ఆగకుండా పారాలి, ప్రతి ప్రక్రియా ఎందుకు దారి తప్పుతోందో అర్థం కావాలి. ఆయన 2000లో దిగిపోయేనాటికి పని దినాలు పోయే గాయాల రేటు వంద మందికి 1.86 నుంచి 0.2కి వచ్చింది, వార్షిక నికర లాభం ఐదు రెట్లయింది. లాభమంతా భద్రత వల్లే వచ్చిందని మీ యజమానికి చెప్పకండి, అది నిలబడదు. భద్రతను ముందు పెట్టిన సంస్థ లాభాల్లో వెనకబడలేదని చెప్పండి, అది చాలు.

డబ్బు చాలనప్పుడు: ఇంజనీరింగ్ మార్పు ఈ ఏడాది కుదరదంటే తాత్కాలిక ఏర్పాటు చేయండి, కానీ దాని మీద గడువు తేదీ రాయండి. వేగం తగ్గించడం, ఇరుక్కున్న డబ్బా తీయడానికి కొక్కెం ఉన్న కర్ర ఇవ్వడం, లైను ఆపి తీసినవాళ్లను ఎవరూ ఏమీ అనకూడదని ఫోర్‌మన్ చేత అందరి ముందూ చెప్పించడం, వీటికి పెద్దగా ఖర్చు లేదు. గడువు రాయకపోతే తాత్కాలికం కాస్తా శాశ్వతమవుతుంది.

ఏడో మెట్టు: ఎన్నాళ్లలో తిరిగొస్తుందో వేయండి

పెట్టే ఖర్చును నెలకు తగ్గే నష్టంతో భాగిస్తే ఎన్ని నెలలో వస్తుంది. ఖర్చులో కొనే ధర ఒక్కటే కాదు, బిగించడానికి లైను ఆగే సమయం, నేర్పే సమయం, తర్వాత మెయింటెనెన్స్ కూడా కలపండి. తగ్గే నష్టాన్ని వేసేటప్పుడు మీ అంచనాలో సగమే తీసుకోండి. సగానికి వేసినా రెండేళ్లలోపు తిరిగొస్తుంటే ధైర్యంగా అడగవచ్చు. అంచనా పెంచి వేసి తర్వాత తగ్గితే, రెండోసారి మీ మాట ఎవరూ వినరు.

అనుభవం ఉన్నవాళ్లు ఉద్యోగం మానకపోవడం, మంచి మనుషులు చేరడానికి ముందుకు రావడం, పెద్ద కొనుగోలుదార్లు భద్రతా రికార్డు అడిగినప్పుడు చూపించగలగడం, ఇవన్నీ నిజమైన లాభాలే. కానీ వీటిని అంకెల్లో కలపకండి. కింద విడిగా రెండు వరసల్లో రాయండి. బీమా ప్రీమియం తగ్గుతుందని కూడా ముందే వేసేయకండి. మీ బీమా సంస్థకు ఉత్తరం రాసి, ఏం చూసి ప్రీమియం నిర్ణయిస్తారో అడగండి. జవాబు వచ్చాకే కలపండి.

కొనుగోలుదారు ఐఎస్ఓ 45001 సర్టిఫికెట్ అడుగుతుంటే దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఇది పనిచోట ఆరోగ్యం, భద్రతల నిర్వహణ కోసం 2018లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం. ఎవరూ అడగనప్పుడు మాత్రం ముందు పైన చెప్పిన పని చేయండి, సర్టిఫికెట్ సంగతి తర్వాత. ఫైళ్లు నిండి, షాప్‌ఫ్లోర్ మీద ఏమీ మారని సర్టిఫికెట్ వల్ల ఏ వేలూ మిగలదు.

ఎనిమిదో మెట్టు: ఒకే పేజీలో పెట్టండి

పేజీలో ఉండాల్సినవి: గత 12 నెలల నష్టం, దానికి సమానమైన అమ్మకం, నష్టం పోగుపడిన ఒకటి రెండు చోట్లు, అడుగుతున్న మొత్తం, తిరిగొచ్చే నెలలు, ఎవరు ఎప్పటికి చేస్తారు. అకౌంట్స్ మనిషి సంతకం. పక్కన ఒక ఫొటో, అదీ గాయంది కాదు, ఒరిగిన పట్టీది. గాయపడ్డ మనిషి పేరు ఎక్కడా రాయకండి. భయపెట్టే చిత్రాలు చూస్తే ఆ పూటకు మనసు కలుక్కుమంటుంది కానీ చెక్కు మీద సంతకం పడదు.

“ఇప్పుడు కాదు” అంటే అడిగిన మొత్తాన్ని రెండు ముక్కలు చేసి, ముందు చిన్న ముక్క అడగండి. దాని ఫలితం మూడు నెలల తర్వాత అంకెలతో చూపించి రెండోది అడగండి.

తొమ్మిదో మెట్టు: చెప్పేవాళ్ల నోరు మూయించకండి

మార్పు మొదలయ్యాక చాలా సంస్థలు ఉత్సాహంగా ఒక పొరపాటు చేస్తాయి. “ప్రమాదం లేని నెలకు అందరికీ బోనస్” అని ప్రకటిస్తాయి. ఇక ఆ నెల 28వ తేదీన వేలు తెగిన మనిషి గుడ్డ చుట్టుకుని పనిచేస్తాడు, తనవల్ల అందరి బోనస్ పోకూడదని. అంకె బాగుంటుంది, గాయం ముదురుతుంది. బహుమతి ఇవ్వాలనుకుంటే ముప్పును చూపించినందుకు ఇవ్వండి, సరిచేసినందుకు ఇవ్వండి. గాయాలు లేనందుకు మాత్రం ఇవ్వకండి.

త్రుటిలో తప్పిన ఘటన గురించి ఎవరైనా చెబితే వారం లోపు జవాబు వెళ్లాలి. సరిచేయలేకపోయినా “ఫలానా కారణంతో ఫలానా తేదీ దాకా ఆగుతోంది” అని చెప్పాలి. ఒకటి రెండుసార్లు జవాబు రాకపోతే ఆ మనిషి మూడోసారి చెప్పడు, పక్కవాళ్లను కూడా చెప్పొద్దంటాడు.

పదో మెట్టు: ఫలితం నిజమేనా సరిచూడండి

గాయాల రేటుకు ఎక్కువగా వాడే సూత్రం: గాయాల సంఖ్యను 2,00,000తో గుణించి, అందరూ కలిసి పనిచేసిన మొత్తం గంటలతో భాగించాలి. వంద మంది, వారానికి 40 గంటలు, 50 వారాలు పనిచేస్తే 2,00,000 గంటలవుతాయి, అందుకే ఆ అంకె. అంటే వంద మందికి ఏడాదికి ఎన్ని గాయాలో వస్తుంది. కొన్ని చోట్ల 10,00,000 గంటలకు వేస్తారు. ఇంకో సంస్థతో పోల్చుకునే ముందు వాళ్లు ఏది వాడారో చూసుకోండి.

చిన్న సంస్థలకు ఈ అంకె ఒక్కటే సరిపోదు. 60 మంది ఏడాదికి 1,20,000 గంటలు పనిచేసి 3 గాయాలైతే రేటు 5. ఇంకొక్క గాయమైతే 6.67. ఒక్క ఘటనకే మూడో వంతు పెరిగిపోయింది. అలాంటప్పుడు అంకె తగ్గినా పెరిగినా అదృష్టం పాలు ఎక్కువ. టెన్షన్ పడకుండా ఇవి కూడా పక్కన చూడండి:

- త్రుటిలో తప్పినవాటి నివేదికలు. మొదటి కొన్ని నెలల్లో ఇవి పెరగాలి. పెరిగితే మంచి గుర్తు. యజమానికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి, లేకపోతే “డబ్బు పెట్టాక ప్రమాదాలు పెరిగాయేంటి?” అంటారు.
- చెప్పిన లోపాల్లో గడువు లోపల సరిచేసినవి ఎన్ని.
- ఫస్ట్ ఎయిడ్ సామాను వాడకానికీ రిజిస్టర్‌కూ పొంతన కుదురుతోందా.
- ఆ లైను నెలకు ఎన్ని గంటలు ఆగుతోంది, స్క్రాప్ ఎంత, ఓవర్‌టైమ్ ఎంత. వ్యాపార లాభం ముందు ఇక్కడే కనిపిస్తుంది.

ముందు, తర్వాత అని పోల్చేటప్పుడు ఒకే రకం నెలలను పోల్చండి. ఆర్డర్లు తక్కువున్న నెలలో గాయాలు తగ్గడం విశేషం కాదు. వీలైతే మార్పు చేయని ఇంకో లైనును పక్కన పెట్టి చూడండి. రెంటిలోనూ సమానంగా తగ్గితే కారణం మీ గార్డు కాకపోవచ్చు.

ఇలా జాగ్రత్తగా పోల్చిన అధ్యయనం ఒకటి చెబుతాను. అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్రభుత్వ భద్రతా విభాగం ఏ సంస్థలను తనిఖీ చేయాలో లాటరీ పద్ధతిలో ఎంచుకునేవాళ్లు. డేవిడ్ లెవీన్, మైకేల్ టోఫెల్, మాథ్యూ జాన్సన్ అనే పరిశోధకులు ఆ సంస్థలను తనిఖీ జరగని అలాంటి సంస్థలతో పోల్చి 2012లో ఫలితాలు ప్రచురించారు. తనిఖీ జరిగినచోట గాయాలు 9.4 శాతం తగ్గాయి, గాయాల ఖర్చు 26 శాతం తగ్గింది. ఉద్యోగాలు గానీ అమ్మకాలు గానీ దెబ్బతిన్నట్టు ఆధారం కనిపించలేదు. “భద్రత అంటూ కూర్చుంటే వ్యాపారం సాగదు” అనేవాళ్లకు ఇది చూపించండి.

పది మందే ఉన్న యూనిట్ అయితే

పది మెట్లూ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీయండి: ఏం జరిగింది, పని ఎన్ని గంటలు ఆగింది, ఎందుకు జరిగింది, ఏం మార్చాం. ప్రతి ఘటనా ఆ రోజే రాయండి, గాయం లేకపోయినా సరే. నెలకోసారి అందరూ కలిసి అరగంట ఆ పేజీలు చదవండి, ఎక్కువ గంటలు తిన్న ఒక్కదాన్ని ఎంచుకుని వచ్చే నెల లోపు సరిచేయండి. ప్రాణాంతక ముప్పుల జాబితా మాత్రం మీకూ తప్పదు. పది మంది ఉన్నచోట ఒక్కరు మంచం పడితే పదో వంతు పని ఆగిపోతుంది, ఆ పని తెలిసిన మనిషి ఆ ఒక్కరే అయితే మొత్తం ఆగిపోతుంది. కాబట్టి నోట్‌బుక్ మొదటి పేజీలో ఇంకో చిన్న జాబితా రాసుకోండి: ఏ యంత్రం నడపడం ఎవరెవరికి తెలుసు. ఒక్క పేరే ఉన్న యంత్రం దగ్గర గార్డు, స్విచ్, వైరింగ్ ముందు చూడండి, రెండో మనిషికి ఆ పని నేర్పడం కూడా అదే వారంలో మొదలుపెట్టండి.